కొసరుగా వచ్చిన ఎక్స్‌రే

భీమవరంలో స్కానింగ్ సెంటరు వాళ్ళ దగ్గర కొసరు పుచ్చుకున్న మనిషిని నేనొక్కణ్ణే. ఈ మాట కొట్లో కూర్చుని చాలామందికి చెప్పాను, ఇప్పుడు రాసి కూడా పెడుతున్నాను. బంగారం కొట్లో డబ్బా, బట్టల కొట్లో సంచీ ఎవడైనా తెచ్చుకుంటాడు. నేను సీటీ స్కాన్ ఒకటి బేరమాడి, దాని మీద నడుం ఎక్స్‌రే ఒకటి, అదీ ముందు నుంచి ఒక ఫిల్ము, పక్క నుంచి ఒక ఫిల్ము, పైసా ఇవ్వకుండా రాబట్టాను. రాబట్టినదాన్ని పట్టుకెళ్ళి, రెండో నెల కడుపుతో ఉన్న మా కోడలికి అంటగట్టబోయాను.

ఆ పిల్ల కడుపుతో ఉందని నాకు తెలియదు. ఇంట్లో తెలియనిది నాకొక్కడికే. మూడో నెల వెళ్ళేదాకా ఎవరికీ చెప్పకూడదని మా వైపు పద్ధతి. కానీ ఇంటి పెద్దకి కూడా చెప్పకపోవడం పద్ధతి కాదు, అది నా ఒక్కడి కోసం పెట్టిన నియమం. కిందటేడు మొదటిసారి నెల తప్పినప్పుడు నాకు వెంటనే చెప్పారు. నేను మధ్యాహ్నానికల్లా ట్రేలు కొనడానికొచ్చిన రొయ్యల రైతుకీ, తాళ్ళు బేరమాడుతున్న వాడికీ, టీ తెచ్చినవాడికీ చెప్పేశాను. ఆ కడుపు నిలవలేదు. తర్వాత కొన్నాళ్ళపాటు బజార్లో ఎదురైన ప్రతివాళ్ళూ "ఎన్నో నెలమ్మా?" అని అడిగితే, లేదని చెప్పుకోవలసి వచ్చింది నాకు కాదు, ఆ పిల్లకి. అందుకని ఈసారి మా ఆవిడా, అబ్బాయీ, కోడలూ ముగ్గురూ నోళ్ళు కుట్టేసుకున్నారు.

ఇక నా సంగతి. మా నాన్నది నిడదవోలు స్టేషను దగ్గర కిరాణా కొట్టు. కందిపప్పు తూచి పొట్లం కట్టాక, అడిగినవాళ్ళకి పైన ఇంకో గుప్పెడు వేసేవాడు. పిల్లలొస్తే చిన్న బెల్లం ముక్క. అదే కొసరు. "కొసరు అడగని బేరగాడు మళ్ళీ రాడురా, అడిగేవాడు చచ్చినా మానడు" అనేవాడు. నేను భీమవరం వచ్చి రొయ్యల చెరువులకి ట్రేలూ, తాళ్ళూ, వలలూ అమ్మే కొట్టు పెట్టుకున్నా, బుద్ధి మాత్రం ఆ పప్పు తక్కెడ దగ్గరే ఉండిపోయింది. మందుల కొట్లో బిళ్ళలు కొన్నా దూది అడుగుతాను.

నాకు పక్కలో నొప్పొచ్చింది. డాక్టరు గారు చూసి, కిడ్నీలో రాయి ఉన్నట్టుంది, ఎంతుందో ఎక్కడుందో తెలియాలని సీటీ స్కాన్ రాశారు. చీటీ పట్టుకుని సెంటరుకి వెళ్ళాను. కౌంటర్లో ఒకమ్మాయి ఉంది.

"బోర్డు మీద నాలుగున్నర వేలని ఉందమ్మా. అది చదువుకునేవాళ్ళకి. కొనేవాళ్ళకెంత?"

"అంకుల్, ఇది కొట్టు కాదండి."

"అద్దాల తలుపుంది, రేట్ల బోర్డుంది, గల్లాపెట్టె ఉంది. కొట్టవడానికి ఇంకేం కావాలమ్మా?"

ఆ అమ్మాయి మేనేజరుని పిలిచింది. అతనూ నేనూ చాలాసేపు పెనుగులాడి మూడు వేల ఎనిమిది వందల దగ్గర ఆగాం. అక్కడితో లేచి ఉంటే ఈ కథ లేదు.

"సరే. కొసరేంటి?" అన్నాను.

అతను నవ్వాడు. నేను నవ్వలేదు.

"మిషను ఎలాగూ తిరుగుతుంది కదండీ. కడుపు దగ్గర ఆపేయకుండా తలకాయ దాకా ఓ చుట్టు తిప్పేయండి. మీకు కరెంటు ఖర్చే కదా."

"డాక్టరు గారు రాసినంతవరకే తీస్తామండి సీటీ."

"పోనీ ఎక్స్‌రే ఇవ్వండి. అది చిన్న సరుకే కదా."

నా వెనక క్యూలో వాళ్ళు గొణుగుతున్నారు. అతను వాళ్ళని చూశాడు, నన్ను చూశాడు. నన్ను వదిలించుకోవడానికి ఒక ఎక్స్‌రే పెద్ద ధర కాదనిపించి ఉంటుంది. "ఆయ్, సరేనండి. మీ కుటుంబంలో ఒకరికి, ఏదో ఒకటి. ఎవరికీ చెప్పకండి" అన్నాడు. నేను తలెత్తి బోర్డు చదివాను. ఎక్స్‌రేలన్నిట్లో నడుముదే ఖరీదు, రెండు ఫిల్ములు వస్తాయి కనక. ఊరికే వచ్చేటప్పుడు ఖరీదైంది వదిలి చవకది తీసుకోవడం మా వంశంలో లేదు.

ఇంటికెళ్ళి మా ఆవిడకి చెప్పాను. "నడుం నొప్పని అంటుంటావుగా, తీయించుకో."

"ఊరికే వస్తే ఫినాయిలైనా తాగే రకం మీరు. నా నడుం నాకు తెలుసు" అని, మర్నాడు వాళ్ళ చెల్లెల్ని వెంటబెట్టుకుని పిఠాపురం వెళ్ళిపోయింది. పురుహూతికమ్మకి కుంకుమపూజ అంది. ఉన్నట్టుండి ఎందుకని నేను అడగలేదు. నా బుర్ర ఎక్స్‌రే ఎవరికివ్వాలా అన్నదాని మీదుంది.

నేను గుడ్డివాణ్ణి కాదు. మా కోడలు ఇంట్లో కూర్చునే కంప్యూటరు ఉద్యోగం చేస్తుంది. ఈమధ్య లేచినప్పుడల్లా నడుం మీద చెయ్యేసుకుని నిలబడటం నేను చూశాను. పొద్దున టిఫిను తినకపోవడం, కూర పోపు పెడుతుంటే పెరట్లోకి వెళ్ళిపోవడం కూడా చూశాను. అన్నీ చూసి, కూడి, కుర్చీ దోషమని తేల్చాను. "అమ్మాయ్, నన్ను కాస్త స్కానింగు సెంటరుకి దింపమ్మా" అన్నాను. కొసరు సంగతి చెప్పలేదు. బహుమతి ముందే చెబితే దాని రుచి పోతుంది.

ఆమెది నరసాపురం వైపు. వాళ్ళమ్మ చేపల మార్కెట్లో తట్ట ముందు కూర్చుని కూతుర్ని ఇంజనీరింగ్ చదివించింది. పెళ్ళి మాటలప్పుడు ఆవిడ కల్యాణమండపం అద్దె నా నెత్తిన వేసి, నా చేతే థాంక్స్ చెప్పించుకున్న తీరు చూసి, ఈ సంబంధం వదలకూడదని ఇంట్లో పట్టుబట్టింది నేనే. ఆ విద్య కూతురికి కూడా వచ్చి ఉంటుందని ఆ రోజుదాకా నాకు తట్టలేదు.

సెంటర్లో ఎక్స్‌రే కాగితం మీద గుట్టుగా కోడలి పేరు రాయించేశాను. హాల్లో మా పక్కన ఒక ముసలి జంట కూర్చుంది. తాత పడవని ఒడ్డుకి లాగుతూ వెల్లకిలా పడ్డాడట, నిలబడితే కూర్చోలేడు, కూర్చుంటే లేవలేడు. వాళ్ళకి నడుం ఎక్స్‌రే రాసిన చీటీ ఉంది. అవ్వ కౌంటరు దగ్గరికి వెళ్ళి రేటు అడిగి, తిట్టుకుంటూ వెనక్కొచ్చి, మళ్ళీ వెళ్ళి అడుగుతోంది. అలా అడిగితే తగ్గదని నాకు తెలుసు గానీ, వృత్తి రహస్యాలు ఊరికే చెబుతామా. ఏమీ తోచక గోడ మీద ఎర్రక్షరాల బోర్డు పైకి చదివాను: గర్భవతులు, నెల తప్పిందన్న అనుమానం ఉన్నవారు ఎక్స్‌రేకి ముందే సిబ్బందికి తెలియజేయాలి. "బాగా పెట్టారు" అని మెచ్చుకున్నాను కూడా. కోడలు ఫోను చూసుకుంటోంది. ఎక్స్‌రే తనకని తెలిస్తే కదా.

ముందు నన్ను సీటీకి పిలిచారు. గదిలో పెద్ద గుండ్రటి మిషను, దాని నోట్లోకి జరిగే బల్ల. "మా కోడల్ని లోపలికి రానివ్వండి, పక్కన నిలబడుతుంది" అన్నాను.

స్కాన్ తీసే కుర్రాడు ఒప్పుకోలేదు. "కిరణాలు మీకు అవసరం కాబట్టి మీకు పడతాయండి. ఆవిడకెందుకు?" అని తలుపేసేశాడు. మిషను ఊపిరి బిగపట్టమంది. మళ్ళీ వదలమన్నప్పుడు నేను భయంలో వినలేదు, అతనే అద్దం వెనక నుంచి "వదలండి, వదిలేయండి బాబూ" అని అరిచాడు. బయటికొచ్చేసరికి కోడలూ అవ్వా ఒకే బెంచీ మీద తలలు దగ్గర పెట్టుకుని కబుర్లాడుకుంటున్నారు. ఒకే సముద్రం ఒడ్డువాళ్ళు కదా అనుకున్నాను.

కాసేపటికి ఆ కుర్రాడే కాగితం పట్టుకుని వచ్చాడు. "నడుం ఎక్స్‌రే, రండి మేడం."

"నాకా?" అంది మా కోడలు.

"నీకేనమ్మా. నేనే ఇప్పించాను" అన్నాను, సన్మానం చేస్తున్నవాడిలా.

అతను కాగితం మీంచి తలెత్తకుండా, "పెళ్ళైందా మేడం? నెలేమైనా తప్పిందా?" అన్నాడు. హాలంతా వినబడింది. ఆమె చెవులు ఎర్రబడ్డాయి. నోరు తెరిచేలోపు నేనందుకున్నాను.

"అలాంటిదేం లేదండి. ఉంటే నాకు తెలియదా?"

అతను లేదని రాసేసుకున్నాడు. ఎర్రక్షరాల బోర్డు సరిగ్గా నా తల వెనకే ఉంది.

"మావయ్య గారూ, నాకు నొప్పేం లేదండి" అంది ఆమె.

"నడుం మీద చెయ్యేసుకుని నిలబడుతున్నావు, చూస్తున్నాను."

"కుర్చీ బాలేదండి, అంతే."

"కొత్త కుర్చీకి వేలు పోయాలి. ఇది ఊరికే."

"మా ఆఫీసు వాళ్ళు ఏటా చెకప్ చేయిస్తారండి."

"అది వాళ్ళ సరుకు. ఇది మనది."

"పోనీ ఇంకోసారి తీయించుకుంటాను."

"రేపటికి ఈ మేనేజరు మాట మారుస్తాడు. నాకు తెలుసు ఈ జాతి."

ఆ కుర్రాణ్ణి పక్కకి పిలిచి ఒక్క ముక్క చెబితే సరిపోయేది కదా అని మీరనుకోవచ్చు. ఎలా పిలుస్తుంది? కొసరు చేజారిపోతుందేమోనని నేను వాళ్ళిద్దరి మధ్యా గుమ్మానికి గొళ్ళెంలా నిలబడ్డాను. నా ముందు ఆ మాట అంటే, పోయినేడాది బజారంతా మళ్ళీ మొదలవుతుందని ఆమె భయం. అనకపోతే లోపల బల్ల సిద్ధంగా ఉంది. అందరి ముందూ మావగారిని కాదని పోట్లాడే పిల్ల కాదు. ఆమె ఒకసారి ఆ గది తలుపు వైపు చూసింది, తర్వాత బెంచీ మీద ముసలాళ్ళ వైపు చూసింది.

"మావయ్య గారూ, ఈ ఎక్స్‌రే నాకు ఇచ్చేశారా?"

"ఇచ్చేశాను."

"అయితే ఇది నాదేనా?"

"నీదే."

"నాదైనప్పుడు నేను ఎవరికైనా ఇచ్చుకోవచ్చాండి?"

వల పడుతోందని తెలుస్తూనే ఉంది. కానీ కొట్టు మనిషిని, కాదని ఎలా అంటాను? ఇచ్చేశాక సరుకు మీద మనకి హక్కు లేదు. "ఇచ్చుకోవచ్చు" అన్నాను.

"ఆ తాతకి రాసింది నడుం ఎక్స్‌రేనే. ఆయనకి నొప్పుంది, డాక్టరు చీటీ ఉంది. నాకు రెండూ లేవు. నాది ఆయన పేరున మార్చెయ్యమనండి."

చేతికొచ్చిన కొసరు పరాయివాడి సంచిలో పడుతుంటే చూడటం నాకు ప్రాణాంతకం. వద్దనడానికి ఏదో వెతుక్కుంటున్నాను. ఇంతలో మేనేజరు వచ్చి, "అలా ఒకరిది ఒకరికి మార్చడం కుదరదండి" అన్నాడు.

కుదరదనే మాట నా ముందు అనకూడదు. ఆ క్షణం దాకా నేను మా కోడలికి ఎదుటి పార్టీని. ఆ మాటతో ఆమె ప్లీడర్ని అయిపోయాను.

"ఎందుకు కుదరదండీ? నేను కొన్న బస్తా మా ఇంటికి పోతుందో మా బావమరిది ఇంటికి పోతుందో మీకెందుకు?"

"మీ కుటుంబంలో ఒకరికని కదండీ అన్నాను."

"ఈయన మా కోడలికి తాత."

"అవునండి, మా అమ్మ వైపు" అంది కోడలు, రెప్ప వేయకుండా.

"ఏ వైపు?" అన్నాడు తాత. అవ్వ మోచేత్తో పొడిచింది. "అవునవును. ఆ వైపే" అన్నాడు.

మేనేజరు ఓడిపోయాడు. అవ్వ ముఖం వెలిగిపోయింది. నా బేరం ఎవరికో ధర్మంగా పోయిందన్న బాధ కంటే, గెలిచానన్న సంతోషమే ఎక్కువగా ఉంది నాకు. ఆ ఊపులో ఇంకో తప్పు చేశాను.

ముందు నుంచి తీసే ఫిల్ము బాగానే అయింది. రెండోదానికి తాత పక్కకి ఒత్తిగిలి పడుకోవాలి, నొప్పికి ఆగలేకపోతున్నాడు. కుర్రాడు బయటికొచ్చి, సీసం కోటు చూపించి, "ఇది వేసుకుని ఎవరైనా కాస్త పట్టుకోవాలండి. అవ్వ వల్ల కావట్లేదు" అన్నాడు.

"అమ్మాయ్, నువ్వెళ్ళు. గట్టి చేతులు నీవి" అన్నాను.

వెనకే బయటికొచ్చిన అవ్వ నా వైపు తిరిగింది. "ఏం మనిషివయ్యా బాబూ. కడుపుతో ఉన్న పిల్లని ఆ గదిలోకి తోలతావేంటి?"

కోడలు తల వంచుకుంది. కుర్రాడు చేతిలో కాగితం తిప్పి, తను రాసుకున్నది మళ్ళీ చదువుకున్నాడు. నా నోరు మాత్రం దాని పని అది చేసింది. "ఈవిడకెలా తెలుసు?" అన్నాను.

"నువ్వు లోపల తొంగున్నప్పుడు అడిగాను, చెప్పింది" అంది అవ్వ. తర్వాత కుర్రాడి వైపు తిరిగి, "పిల్లనడిగితే తెలుత్తాది గానీ, పక్కనున్నోణ్ణి అడిగితే ఏం తెలుత్తాది నాయనా?" అంది.

ఆ కోటు నేను వేసుకున్నాను. తడి ఇసక బస్తా మెళ్ళో వేసుకున్నట్టుంది. లోపలికెళ్ళి తాత భుజమూ తుంటీ పట్టుకుని నిలబడ్డాను. ఆయన నా ముఖంలోకి చూసి, మెల్లిగా, "బాబుగారండి, ఇంతకీ నేను ఏ వైపు తాతని?" అన్నాడు.

బయటికొచ్చేసరికి ఎక్స్‌రేలు చూసే డాక్టరమ్మ వచ్చి ఉంది. మేనేజర్ని పక్క గదిలోకి తీసుకెళ్ళింది. చీటీ లేకుండా ఎక్స్‌రే ఎలా ఒప్పుకున్నావని ఆవిడ అడగడం తలుపు సందులోంచి వినబడింది, అతని జవాబు వినబడలేదు. తర్వాత కుర్రాణ్ణి పిలిచి, ఇకమీదట ఆ ప్రశ్న ఎవర్ని అడగాలో, ఎక్కడ అడగాలో చెప్పింది. నా వంతు వచ్చింది.

"తీసేసి ఉంటే ఏమయ్యేదండి?" అని నేనే అడిగాను.

"ఒక్క ఎక్స్‌రేతో ఘోరం జరిగిపోయేదని చెప్పనండి. తెలియక తీయించుకున్నవాళ్ళకి కంగారు పడొద్దనే చెబుతాం. కానీ నడుం ఎక్స్‌రే అంటే తిన్నగా కడుపు మీదనే పడుతుంది. నిజంగా అవసరమైతే ఆలోచించి, ఎంత తక్కువలో అవుతుందో అంతలో తీస్తాం. అవసరమే లేనప్పుడు ఎందుకండీ? ఊరికే వస్తోందనా?"

ఆవిడకి తెలియనిది ఒకటి నాకు తెలుసు. కిందటేడులాగే ఈ కడుపూ ఏ కారణానైనా నిలవకపోతే, ఆ రెండు ఫిల్ములూ మా ఇంట్లో గోడకి తగిలించిన పటంలా ఉండిపోయేవి. డాక్టర్లు వందమంది అది కారణం కాదన్నా, ఆ పిల్ల నమ్మేది కాదు. నేనూ నమ్మేవాణ్ణి కాదు.

బయట కొబ్బరిబొండాల బండి దగ్గర ఆగాం. చెరొకటి తాగుతున్నాం.

"నాకెందుకు చెప్పలేదమ్మా?"

"కిందటేడు చెప్పాం కదండి" అంది.

బొండం ఖాళీ అయినా కాసేపు స్ట్రా పీలుస్తూ నిలబడ్డాను.

"ఎవరికీ చెప్పకూడదండి, మావయ్య గారూ."

"ఎవరికీ చెప్పను."

"కొట్లో కూడా."

"కొట్లో కూడానా? సరే. మీ అత్తయ్యకి?"

"ఆవిడకి తెలుసండి. దానికే పిఠాపురం వెళ్ళారు."

"మరి మా వాడికి?"

ఆమె నా వైపు చూసింది. "మావయ్య గారూ" అంది. అప్పుడు అర్థమైంది.

మా ఆవిడ ప్రసాదంతో దిగి, "ఏంటి సంగతులు?" అని అడిగితే, "ఏం లేవు" అన్నాను. నా నోటి నుంచి ఆ జవాబు ఎన్నడూ వినలేదేమో, ఎక్కువసేపు చూసింది. మూడో నెల వెళ్ళేదాకా కొట్లో నేను పడిన బాధ ఆ కిడ్నీ రాయి కూడా పెట్టలేదు. రాయి నీళ్ళు తాగితే పోయింది. ఇది మింగాలి, కక్కకూడదు.

కడుపులో బిడ్డని చూసే స్కానుకి అదే సెంటరుకి నేనే తీసుకెళ్ళాను. ఇది కిరణాలతో కాదు, శబ్దంతో చూసేదని డాక్టరమ్మ చెప్పినా, నిజమేనా అని ఇంకోసారి అడిగి చెప్పించుకున్నాను. కౌంటర్లో అమ్మాయి పన్నెండు వందలని చెప్పి, చేతులు కట్టుకుని నా కోసం ఎదురు చూసింది. నేను డబ్బు లెక్కపెట్టి ఇచ్చేశాను. "అంకుల్, ఒంట్లో బాగానే ఉందా అండి?" అంది. లోపల నుంచి కోడలు బయటికొచ్చి, "గుండె కొట్టుకుంటోందండి" అని చెప్పింది. ఆ గుండె ఇప్పుడు మా ఇంట్లో పాకుతూ నా చెప్పులు నోట్లో పెట్టుకుంటోంది.

ఇక పద్దు. సీటీ మీద బేరమాడి మిగిల్చింది ఏడు వందలు. నడుం ఎక్స్‌రే ఆరు వందల సరుకే గానీ, అది తాత ఖాతాలోకి పోయింది, మనకి జమ లేదు. ఖర్చులు: ఆ రోజు పెట్రోలు వంద, టిఫినూ కొబ్బరిబొండాలూ రెండు వందల అరవై, బిడ్డ స్కాను పన్నెండు వందలు. మొత్తం వెయ్యిన్ని అయిదు వందల అరవై. మిగిల్చిన ఏడు వందలు తీసేస్తే నికరంగా ఎనిమిది వందల అరవై రూపాయలు నష్టం. ఇంత చవగ్గా నేనెప్పుడూ బయటపడలేదు.